ఒంటెద్దు బండ్ల తలుపు కోసం ఆళ్లగడ్డ దారిలో

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఒక్కరోజులో ఏం చూడొచ్చని అడిగినవాళ్ళ కోసం బస్సులూ, వేళలూ, ఖర్చులూ అన్నీ రాస్తాను. కానీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ ప్రయాణానికి కారణం నా నోటిదురద. నేను గుంటూరులో ఒక ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. పాలప్యాకెట్టు మీద అచ్చుతప్పు కనిపిస్తే దాన్ని దిద్దేదాకా కాఫీ పెట్టుకోలేని మనిషిని. మొన్న ఆగస్టులో బెలూం గుహలకు పోతూ కోయిలకుంట్ల అవతల వానకు చిక్కి, ఓ పల్లెలో చిన్న చర్చి వరండాలో తలదాచుకున్నాను. ఆ చర్చికి టేకు తలుపు. తలుపు నిండా క్రీస్తు పుట్టిన కథ చెక్కి ఉంది. బోద గడ్డి కప్పిన కొట్టం కింద తల్లీ బిడ్డా, గొంగడి కప్పుకున్న గొర్రెలకాపరి, పైన నక్షత్రం. కింది వరసలో తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురూ వస్తున్నారు, మూడు ఒంటెద్దు బండ్ల మీద! ఒంటెలు ఉండాల్సిన చోట ఒంటెద్దులు!

నన్ను తీసుకొచ్చిన ఆటో అతని పేరు మస్తాన్. నేను పగలబడి నవ్వుతుంటే అతను గొంతు తగ్గించి చెప్పాడు. "ఒంటెలు అంటే ఒంటెద్దులు అని ఇన్న్యాడంట మేడమ్, ఇది చెక్కిన పెద్దాయన. నలభై ఏండ్లయింది. ఊరందరికీ తెలుసు, ఆయనకు దప్ప. ఆయనకు జెప్పొద్దు." నేను ఆయనకు చెప్పలేదు. లోకానికి చెప్పాను. ఫోటో తీసి ఇదే బ్లాగులో పెట్టి, కింద 'ప్రూఫు చూడని తలుపు' అని రాశాను. నా రాతలు ఎప్పుడూ పాతికమంది చదివితే గొప్ప. అది మాత్రం వాట్సాప్ గుంపుల్లో ఊళ్ళు దాటింది. నేనూ సంబరపడ్డాను, దాచడం దేనికి.

డిసెంబరు మొదటి వారంలో ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, మీరు నవ్విన తలుపు చెక్కింది మా నాయన. నంద్యాలలో పెండ్లికి పోతే ఎవరో ఫోన్లో మీరు రాసింది చదివి నవ్వినారంట, ఈయనే చెక్కినాడని తెలవక. చర్చికి కొత్తగా సున్నాలు, రంగులు వేసినారు. ఆదివారం బయటి ఊర్లనుంచి పెద్దలు వస్తారు. ఆలోపల బండ్లు మూడూ కొట్టేసి ఒంటెల్ని చెక్కుతానంటాండాడు. మేం జెప్తే ఇనడంల్యా. రాసింది మీరు గాబట్టి మీరొచ్చి జెప్పండి." కింద పేరు, సువార్త. నలభై ఏళ్ళు ఒక ఊరు ఊరంతా కడుపులో పెట్టుకున్న మాటను నేను మూడు ముక్కల్లో బజారున పడేశాను.

బుధవారం మధ్యాహ్నం గుంటూరులో రైలెక్కి సాయంత్రానికి నంద్యాలలో దిగాను. నల్లమల మధ్యనుంచి వచ్చే దారి కాబట్టి కిటికీ పక్క సీటు చూసుకోండి. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఎనిమిది వందలు, వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. గురువారం ఆరున్నరకల్లా రోడ్డు మీదికొచ్చి ఉగ్గాని, బజ్జి తిన్నాను. నలభై రూపాయలు. నేను మరమరాల ఉప్మా అన్నానని బండి దగ్గర ఆవిడ చిన్నబుచ్చుకుంది. "ఉప్మా అనాకు తల్లీ, ఉగ్గాని. బొరుగులు నానేసి చేస్తాం. ఆ బజ్జి నంజుకోని తిను" అంది. రెండో తప్పు అప్పుడే మొదలైందనుకుని నోరు మూసుకుని తిన్నాను. మిరపకాయ నషాళానికి అంటింది.

ఏడుంబావుకి ఆళ్లగడ్డ బస్సు. పల్లెవెలుగులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మగవాళ్ళకు డెబ్బై రూపాయల లోపే. గంటా పదినిమిషాలు పట్టింది. ఎడమ చేతి వైపు దారిపొడుగునా నల్లమల కొండలు వెంట వస్తాయి. ఆళ్లగడ్డలో దిగగానే ఉలుల చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు వారనే రేకుల షెడ్లు, షెడ్ల ముందు సగం చెక్కిన దేవుళ్ళు, నందులు, ఇంకా ముఖం రాని నాయకుల విగ్రహాలు. రాతిపొడి పడి అక్కడి కుక్కలు కూడా తెల్లగా ఉన్నాయి. ఈ శిల్పులను చూడ్డానికి టికెట్టూ లేదు, వేళా లేదు. అయితే పొద్దున వెళ్తే చేతిపని చూస్తారు, పదిన్నర దాటాక మిషన్ల దుమ్ము. సువార్త భర్త ఆ షెడ్లలో ఒకదాంట్లో పనిచేస్తాడు. నన్ను చూసి ఉలి పక్కన పెట్టాడు. "మామ నిన్న ఒక బండి కొట్టేసినాడంట మేడమ్" అన్నాడు. మళ్ళీ సరిచేయలేమా అని అడిగాను. "మా పనిలో తీసేదే గానీ పెట్టేది ల్యా. ఇంకా రెండుండాయి, బేగా పోండి" అన్నాడు, పో అన్నట్టు చేయి ఊపి.

సువార్త ఇల్లు షెడ్ల వెనక సందులోనే. ముప్పై ఐదేళ్ళుంటాయి. అంగన్‌వాడీలో ఆయా పని. మిగిలిన పొద్దంతా బొమ్మలు వేస్తుంది. ఎవరూ నేర్పలేదు. వడ్రంగి అడితిల్లో పారేసిన ప్లైవుడ్ ముక్కల మీద గోడలకు వేసే రంగులతో పల్లె బతుకంతా వేస్తుంది. శనగ కోతలు, కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు, చెప్పులు చేత పట్టుకుని వాగు దాటి చర్చికి పోతున్న ఆడవాళ్ళు, తేనె కుండతో కొండ దిగుతున్న చెంచు దంపతులు. ఆవుకు నాలుగు కాళ్ళూ వరసగా కనిపిస్తాయి, కోడి మేకంత ఉంటుంది, మనుషులందరూ మనవైపే చూస్తుంటారు. ఎందుకలా అని అడిగితే నన్ను వింతగా చూసింది. "ఫోటో దిగేటప్పుడు ఎవరన్నా పక్కకు సూస్తారా అక్కా?" చెప్పులు పట్టుకున్న ఆడవాళ్ళ బొమ్మ ఆరు వందలకు కొన్నాను. బేరమాడే మొహం నాకెక్కడిది?

బీరువా వెనకనుంచి ఆమె ఒక కాగితాల కట్ట తీసింది. అన్నీ ఒంటెలు. ఒకదానికి మూపురం మెడ మీదుంది, ఒకదానికి గేదె కొమ్ములు, ఒకదానికి తోక ఏనుగు తోక. నవ్వొచ్చింది గానీ ఈసారి ఆపుకున్నాను. "నాయన ఒంటెను గీసియ్యమన్నాడు. రెండు నెలల నుంచీ తప్పుగా గీసిస్తాండా. కావాలనే" అంది. "ఇది ఒంటె కాదు గదమ్మా అంటాడు, మళ్ళీ గీస్తా. ఇట్లనే క్రిస్మస్ దాటిస్తే మరిచిపోతాడనుకుంటి. నిన్న బొమ్మ లేకుండానే ఉలి పట్టినాడు." ఆ కాగితాలు మళ్ళీ బీరువా వెనక దాచి, ఇద్దరం బయల్దేరాం.

ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్లకు బస్సు తొమ్మిదీ నలభైకి. పొద్దున ఆ బస్సు తప్పితే మళ్ళీ ఎప్పుడో కండక్టరుకే తెలియదు, కాబట్టి కాసేపు ముందే వెళ్ళండి. దారంతా నల్లరేగడి, దాని మీద మోకాలెత్తు శనగ చేలు, లేత పూత. కోయిలకుంట్ల ఆటోస్టాండులో మస్తాన్ నన్ను గుర్తుపట్టాడు. నమస్కారం లేదు, పలకరింపు లేదు. "జెప్పొద్దంటి గద మేడమ్" అన్నాడు. తప్పైంది మస్తాన్ అన్నాను. "నాకెందుకు జెప్తావు, ఆయనకు జెప్పుపో. ఎక్కండి." పోయి రావడానికి, మధ్యలో ఆగడానికి మూడు వందలు. బెలూం వైపు అడ్డదారిన ఆరేడు కిలోమీటర్ల మట్టిరోడ్డు, వాన పడితే ఆగస్టులో లాగే ఆటో ముందుకు కదలదు.

చర్చికి పసుపు సున్నం వేశారు. తలుపు రెక్కలు ఊడదీసి వరండాలో రెండు బల్లల మీద పరిచారు. పక్కన గోనెపట్టా మీద సువార్త తండ్రి కూర్చుని ఉన్నారు. పేరు దానియేలు, ఊళ్ళో అందరూ బండ్ల దానియేలు అంటారు. డెబ్బై అయిదు దాటిన సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు. ట్రాక్టర్లు రాకముందు చుట్టుపక్కల పది ఊళ్ళకు ఎద్దుల బండ్లు చేసిన చేతులవి. తలుపు మీద మొదటి బండి ఉన్నచోట ఇప్పుడు జానెడు వెడల్పున పచ్చి చెక్క బయటపడి ఉంది. చుట్టూ నలభై ఏళ్ళ నలుపు, మధ్యలో కొత్త గాయం లాగా ఆ పసుపు.

"నాయనా, ఆ రాసిన అక్క వచ్చింది" అంది సువార్త. ఆయన లేవబోయారు. నేనే కింద కూర్చున్నాను. "పెద్దయ్యా, నేను నోరు పారేసుకున్నాను. క్షమించండి" అన్నాను. దారంతా మనసులో కూర్చుకున్న నాలుగు వాక్యాల్లో మిగిలింది అదే.

"నువ్వేం తప్పు రాసినావమ్మా? ఉన్నదే రాసినావు గద" అన్నారాయన. కోపంగా అన్నా బాగుండేది. చాలా మామూలుగా అన్నారు. "ఊర్లో అందరికీ తెలుసంట, నేను ఏమనుకుంటానో అని ఒక్కరూ జెప్పల్యా. నువ్వు జెప్తివి. నన్ను సూసి నవ్వితే నాకేంపోయ. ఇది దేవుని తలుపు. నా చెవుడుకు అది నవ్వులపాలు గాకూడదు."

క్రిస్మస్ కార్డుల మీద ఒంటెల్ని ఎప్పుడూ చూడలేదా అని అడిగాను. "సూడకేం? దొరల బొమ్మల్లో వాళ్ళకు అట్ల వచ్చినారు, మనకు ఇట్ల వచ్చినారు అనుకుంటి" అన్నారు. అప్పటి పాస్టరు గారిది కోస్తా వైపట. ఈయన చెక్క నునుపు చేయడానికి చిత్రిక పడుతుంటే ఎదురుగా నిలబడి కథ చెప్పేవారట. "చిత్రిక చప్పుడులో నాకు ఒంటె వరకే ఇనపడె. 'ద్దు' నేనే జేర్సుకుంటి." పాస్టరు గారు పూర్తయిన తలుపు చూసి చాలాసేపు నిలబడి, చెక్కకు చేయి ఆనించి, బాగుంది దానియేలూ అని వెళ్ళిపోయారట.

నా వృత్తి నన్ను ఊరుకోనివ్వలేదు. "అంత పెద్ద జ్ఞానులు ఒంటెద్దు బండ్ల మీద రావడమేమిటని మీకు అనుమానం రాలేదా?" అని అడిగాను.

ఆయన రెండో బండి మీద వేలుపెట్టి తడిమారు. చక్రానికి నడిమి నుంచి అంచు దాకా పన్నెండు ఆకులూ లెక్క తప్పకుండా ఉన్నాయి. ఎద్దుకు అటొకటి ఇటొకటి నొగలు, పగ్గం ముడి కూడా కనిపిస్తోంది. "వచ్చె" అన్నారు. "ఆ ఏడు వానలు ల్యా. మా జతలో ఒక ఎద్దు సచ్చిపోయ. మిగిలినదాన్ని ఒంటెద్దు బండికి కట్టి తిరుగుతాంటి. జత ఉన్నోడు యాడికైనా పోతాడు, అదేం గొప్ప? ఒంటెద్దుతో రాజ్యాలు దాటి వచ్చినారంట ముగ్గురూ, ఒక పసిబిడ్డను సూడనీకి. వాళ్ళకూ కరువే గావాల, అయినా వచ్చినారే అనుకుంటి. చెక్కుతా ఏడిస్తినమ్మా. ఇప్పుడు సూస్తే అదంతా ఉత్తదే."

"ఉత్తది కాదు" అన్నాను. ఆయన చెవి మీది పెన్సిలు అడిగి తీసుకున్నాను. మిగిలిన రెండు బండ్ల కిందా వరసగా చుక్కలు పెట్టాను, మా ప్రెస్సులో పెట్టినట్టే. "ఏందమ్మా అది?" అన్నారు. "మా పనిలో గుర్తు పెద్దయ్యా. తప్పనుకుని ఒక మాట కొట్టేస్తాం. తర్వాత తెలుస్తుంది, కొట్టేసింది మన పొరపాటని. అప్పుడు దాని కింద ఇలా చుక్కలు పెడతాం. ఉన్నది ఉన్నట్టే ఉండనీ, తప్పు దిద్దినవాళ్ళదే అని దానర్థం." ఆయన ఆ చుక్కల మీదుగా వేలు పోనిచ్చారు. "బువ్వ తిందాం రాండి" అని లేచారు.

ఆయన భార్య మార్తమ్మ జొన్నరొట్టె, శనగాకు పప్పు, ఉల్లిగడ్డ కారం పెట్టింది. శనగాకు దొరికేది ఈ రెండు నెలలే, ఆ రుచికోసమైనా డిసెంబరులో వెళ్ళండి. ఆమె నాతో ఒక్క మాటే అంది. "ఈ మాట మా ఆయనకు జెప్పకుండా నేనే నలభై ఏండ్లు నోరు కుట్టుకుంటి. నువ్వేం మనిషివి తల్లీ!" అంటూనే ఇంకో రొట్టె వేసింది. తిట్టి వడ్డించే ఇళ్ళలో తినకపోతే పాపం, తిన్నాను. సువార్త తింటున్నంతసేపూ తండ్రి మొహమే చూస్తూ ఉంది.

రెండున్నరకు మళ్ళీ వరండాలో చేరాం. ఆయన ఉలి, కొడతి చేతిలోకి తీసుకున్నారు. కొడతి అంటే వాళ్ళు వాడే కొయ్య సుత్తి. రెండో బండి ముందు కూర్చున్నారు. అంతలో తల ఎత్తకుండానే "సువార్తా, ఒంటెను గీయి. ఈసారి సక్కగా గీయి" అన్నారు. ఆమె నావైపు చూసింది. "నాకు తెలుసు లేమ్మా. అంగన్‌వాడీ గోడ మీద ఒంటెను ఎంత సక్కగా వేసినావో సూస్తి. నాకాడికొచ్చేసరికే దానికి కొమ్ములు మొలుస్తాండాయా?" అన్నారు. సువార్త ఏడుస్తూ నవ్వింది. "యాడ గీయాల నాయనా?" అంటే ఆ పచ్చిచెక్క చూపించారు. "ఈడ. కొట్టేసిన కాడ."

"మిగతా రెండూ?" నేనే ఆగలేక అడిగాను.

ఆయన ఆ రెండు బండ్లకేసి, వాటి కింద నా చుక్కలకేసి చూశారు. "ముగ్గుర్లో ఒకాయనకు ఒంటె ఉండిండొచ్చు" అన్నారు. "ఇద్దరికి ల్యా."

సువార్త పచ్చిచెక్క మీద ఒక్క గీతలో ఒంటెను దింపింది. మూపురం, మెడ, విసుగు మొహం, అన్నీ సరిగ్గా. అది మాత్రం తలుపు మీదున్న ఎడ్లలా పక్కకు చూడడం లేదు, సువార్త బొమ్మల్లో మనుషుల్లా మనవైపే చూస్తోంది. ఆయన మొదటి దెబ్బ వేసేదాకా ఉండి, నాలుగింటికి మస్తాన్ ఆటో ఎక్కాను. కోయిలకుంట్ల నుంచి నంద్యాలకు సాయంత్రం బస్సులకు కొదవ లేదు, గంటన్నర దారి. మస్తాన్ దింపేటప్పుడు "ఏమాయ?" అన్నాడు. చెప్పాను. మూడు వందలూ తీసుకుని, "మళ్ళీ రాండి, ఏమీ రాయకుండా రాండి" అన్నాడు.

రాయకుండా ఉండలేను, అది నా జబ్బు. అయితే ఈసారి దానియేలు గారికి ఫోన్లో అంతా చదివి వినిపించి, సరే అన్నాకే పెడుతున్నాను. ఆదివారం సాయంత్రం సువార్త ఫోటో పంపింది. తలుపు మళ్ళీ నిలబడింది. ముందు ఒంటె, వెనక రెండు ఒంటెద్దు బండ్లు. ఆ బండ్ల కింద నేను పెన్సిలుతో పెట్టిన చుక్కలను ఆయన చెరపలేదు. ఒక్కొక్కటీ గుండ్రంగా ఉలితో చెక్కేశారు. బయటి ఊళ్ళ పెద్దలు అవేమిటని అడిగితే, దూరమొచ్చిన ఎడ్లు గదా, శనగలు పెట్టినా అన్నారట. నేను పెట్టిన గుర్తుకు అంత మంచి అర్థం ఉందని నాకే తెలియదు. పుస్తకం చివర మేం తప్పొప్పుల పట్టిక వేస్తాం. ఈ బ్లాగుకు వేయాల్సిన పట్టికలో ఒకే వరస ఉంది: ఆగస్టులో నేను 'ప్రూఫు చూడని తలుపు' అని రాసిన చోట 'ఏడుస్తూ చెక్కిన తలుపు' అని చదువుకోండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. ఊరి పేరు నేను రాయను, అవసరం కూడా లేదు. కోయిలకుంట్ల ఆటోస్టాండులో 'ఒంటెద్దుల చర్చి' అనండి, ఎవరైనా తీసుకెళ్తారు. మధ్యాహ్నం పన్నెండు లోపల వెళ్తే తాళంచెవి మార్తమ్మ దగ్గర ఉంటుంది. దారిలో ఆటో అతను గొంతు తగ్గించి "ఆయనకు జెప్పొద్దు" అంటే, ఫరవాలేదు, ఆయనకు తెలుసు అని చెప్పండి.